గొర్రె పిల్లల్లో నట్టలు: మందెప్పుడు, ఆకెప్పుడు?

వానలు పడి పచ్చిక మొలిచాక గొర్రె పిల్లల నట్టల మీద ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి. ఈసారి కొందరు నాటు మందుల గురించి అడిగారు, కొందరు సీసా మందుల గురించి. ఎవరికైనా ముందు తేలాల్సింది రెండు సంగతులు: పిల్ల కడుపులో ఉన్నది ఏ పురుగు, పిల్ల ఒంట్లో రక్తం ఎంత మిగిలింది. ఆ రెండూ చూడకుండా ఇస్తే సీసా మందూ వృథాయే, ఆకు పసరూ వృథాయే.

ప్రశ్న: మూడు నెలల పిల్లలు నలభై ఉన్నాయి. నెల కిందట అన్నిటికీ ఆల్బెండజోల్ తాగించాం. ఇప్పుడు కొన్నిటికి దవడ కింద నీరు దిగింది, మంద వెనక పడిపోతున్నాయి. రెండు చనిపోయాయి. పారుడు మాత్రం లేదు. పారుడు లేకుండా నట్టలుంటాయా? (నాగర్‌కర్నూల్ జిల్లా)

జవాబు: ఉంటాయి. పిల్లలను ఎక్కువగా చంపే నట్ట సాధారణంగా పారుడు పెట్టదు. దాని పేరు హీమాంకస్. గొర్రె నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగుతుంది. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుందని లెక్క. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. పది కిలోల పిల్ల ఒంట్లో ఉండే మొత్తం రక్తమే ముప్పావు లీటరు లోపు. రక్తంతో పాటు మాంసకృత్తులు కూడా పోవడం వల్ల నీరు దిగి దవడ కింద చేరుతుంది. పగలంతా తల వంచి మేస్తాయి కాబట్టి వాపు సాయంత్రానికి పెరుగుతుంది, తెల్లారేసరికి తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గిందనుకుని వదిలేయకండి.

ఇవాళే ప్రతి పిల్ల కనురెప్ప చూడండి. పగటి వెలుతురులో పై రెప్పను బొటనవేలితో మెల్లగా నొక్కి, కింది రెప్పను కిందికి లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా రంగుల కార్డులో దీనికి ఐదు అంకెలున్నాయి: ఎర్రగా ఉంటే 1, పూర్తిగా తెల్లబడితే 5. పెద్ద గొర్రెలకైతే 4, 5 వచ్చినవాటికి మందివ్వాలి. పిల్లలకు రక్తం తక్కువ, తట్టుకునే శక్తి తక్కువ, అందుకని 3 నుంచే ఇవ్వాలి. వానాకాలమంతా రెండు వారాలకోసారి ఇలా చూడాలి. ఈ పరీక్ష రక్తం తాగే పురుగుకు మాత్రమే పనికొస్తుంది. మిగతా నట్టలను ఇది పట్టివ్వదు.

చనిపోయిన పిల్ల దొరికితే పారేయకుండా కొన్ని గంటల్లోపే పొట్ట కోయించి చూడండి. నాలుగో పొట్ట గోడకు రెండు మూడు సెంటీమీటర్ల దారప్పోగుల్లాంటి పురుగులు, ఎరుపు తెలుపు మెలితిరిగినట్టు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

మీరు ఇచ్చిన ఆల్బెండజోల్ ఎందుకు కాపాడలేదంటే, రెండు కారణాలుండొచ్చు. హీమాంకస్ ఆడపురుగు రోజుకు ఐదువేలకు పైగా గుడ్లు పెడుతుంది. వెచ్చటి తేమలో వారం లోపే అవి పిల్ల పురుగులై గడ్డి మీదికొస్తాయి. మేతతో పాటు పొట్టలోకి వెళ్లాక సుమారు మూడు వారాల్లో మళ్లీ గుడ్లు పెడతాయి. కాబట్టి మందు బాగా పనిచేసినా, అదే పచ్చికలో మేపితే నెల తిరిగేసరికి కథ మొదటికొస్తుంది. రెండో కారణం, పురుగు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుని ఉండటం. ఈ కుటుంబంలో మొదటి మందు థయాబెండజోల్ 1961లో వచ్చింది. హీమాంకస్ దాన్ని తట్టుకుంటోందని 1964కే అమెరికాలో నమోదైంది. మన దేశంలోనూ, ముఖ్యంగా ఏళ్ల తరబడి ఒకే మందు వాడిన ఫారాల్లో, ఇది బాగా ఉంది.

అందుకని పాలిపోయిన పిల్లలకు ఈసారి ఆల్బెండజోల్ వద్దు, ఫెన్‌బెండజోల్ కూడా వద్దు. పేర్లు వేరైనా రెండూ ఒకే కుటుంబం. ఒకదాన్ని తట్టుకున్న పురుగు రెండోదాన్నీ తట్టుకుంటుంది. మీ పశువైద్యుని అడిగి లెవామిసోల్ కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు, లేదా క్లోసాంటెల్ కిలోకు 10 మిల్లీగ్రాములు ఇవ్వండి. ఈ రెంటిలో ఏదీ ఉజ్జాయింపుగా పోసే మందు కాదు. లెవామిసోల్ ఎక్కువైతే చొంగ కారి వణుకుతాయి. క్లోసాంటెల్ బాగా ఎక్కువైతే చూపు పోతుంది, అది తిరిగి రాదు.

మందు పడ్డాక కూడా రక్తం ఊరడానికి వారాలు పడుతుంది. 4, 5 అంకెల పిల్లలను దూరం తోలకండి. ఎండలో మందతో పరుగెత్తిస్తే దారిలోనే పడిపోతాయి. దొడ్డి దగ్గరే ఉంచి పచ్చిమేత, వేరుశనగ చెక్క, ఉడికించిన ఉలవలు పెట్టండి. మాంసకృత్తులు అందిన పిల్ల తర్వాతి నట్టలను కూడా మెరుగ్గా తట్టుకుంటుంది.

ప్రశ్న: మోదుగ గింజలు నట్టలకు మంచి మందని మా పెద్దలు చెబుతారు. ఎంత, ఎలా ఇవ్వాలి? సీసా మందు మానేయొచ్చా? (ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: పెద్దలు చెప్పిందాంట్లో నిజం ఉంది. మోదుగ గింజల్లోని పాలసోనిన్ అనే పదార్థానికి పురుగులను దెబ్బతీసే గుణం ఉంది. పాకిస్తాన్‌లో సహజంగా నట్టలు సోకిన గొర్రెల మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో గింజల పొడిని కిలో బరువుకు 1, 2, 3 గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. మోతాదు పెరిగేకొద్దీ ఫలితం పెరిగింది. 3 గ్రాముల మోతాదుతో పదో రోజుకు పేడలో గుడ్లు 78 శాతం దాకా తగ్గాయి. పక్కనే లెవామిసోల్ ఇచ్చిన గొర్రెల్లో 99 శాతం తగ్గాయి.

ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే మీ రెండో ప్రశ్నకు జవాబుంది. కళ్లు ఎర్రగా ఉండి, మేస్తూ తిరిగే పిల్లలో 78 శాతం తగ్గితే అది మంచి సాయమే. తెల్లబడ్డ పిల్లలో మిగిలిన ఐదో వంతు పురుగులు తాగే రక్తం చాలు, అది చనిపోవడానికి. పైగా పొడి పనిచేయడానికి రోజులు పడుతుంది. ఆ పిల్లకు అంత సమయం లేదు.

వాడదలిస్తే ఇలా చేయండి. ఎండాకాలంలో ముదిరి ఎండిన కాయల నుంచి గింజలు తీసుకోండి. పురుగు పట్టినవి, బూజు పట్టినవి ఏరేయండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి పైపొట్టు తీసేసి, లోపలి పప్పును నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టి మెత్తగా పొడి చేయండి. గాలి తగలని డబ్బాలో పెట్టి ఆ ఏడాదే వాడేయండి. పది కిలోల పిల్లకు 3 గ్రాముల లెక్కన 30 గ్రాములవుతుంది. అది చాలా చేదు, పొట్టలో మంట పెడుతుంది. మొదటిసారే అందరికీ పూర్తి మోతాదు పోయకండి. నాలుగైదు పిల్లలకు కిలోకు ఒక గ్రాము చొప్పున బెల్లం కలిపి ముద్దగా పెట్టి, రెండు రోజులు మేత తింటున్నాయా లేదా చూసి, తర్వాత పెంచండి. రెండు నెలల లోపు పిల్లలకు, నీరసించినవాటికి వద్దు. చూడి గొర్రెలకూ, పొట్టేలు కట్టబోయే గొర్రెలకూ అసలే వద్దు. ఈ గింజల్లో గర్భం నిలవకుండా చేసే పదార్థం ఉందని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది.

సీసా మందుకు మోతాదు లేబుల్ మీద ఉంటుంది. మోదుగ గింజకు అది లేదు. చెట్టు చెట్టుకూ, ఏడాది ఏడాదికీ గింజలో సారం మారుతుంది. అందుకని ఇచ్చిన పదో రోజున పేడ పరీక్ష చేయించుకుంటేనే మీ గింజ పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: వారానికోసారి వేపాకు రసం, వెల్లుల్లి ముద్ద ఇస్తున్నాం. నట్టలు రాకుండా ఇది చాలా? (అనంతపురం జిల్లా)

జవాబు: చాలదు. గాజు గ్లాసులో వేప సారం పోస్తే పురుగులు చస్తాయి, నిజమే. గొర్రె కడుపులో అలా జరగడం లేదు. మొదటి పొట్టలో లీటర్ల కొద్దీ మేత, నీరు కలిసి ఆ రసం పలచబడిపోతుంది. గొర్రెలకు వేపాకు మేపి చూసిన పరిశోధనల్లో కొన్నిటిలో గుడ్లు తగ్గాయి, కొన్నిటిలో ఏమీ మారలేదు. వెల్లుల్లి మీద మేకల్లో చేసిన ప్రయత్నాల్లోనూ నమ్మదగ్గ ఫలితం రాలేదు. వేపాకు మేతగా కొంచెం తింటే నష్టం లేదు. వేపనూనె మాత్రం తాగించకండి, పిల్లలకు అది విషమవుతుంది.

మీ చుట్టూ వేపకంటే బాగా పనికొచ్చే చెట్లున్నాయి. వగరు ఉన్న ఆకుల్లో టానిన్లు ఉంటాయి. అవి పురుగు గుడ్లు పెట్టే శక్తిని తగ్గిస్తాయి, మేతలోని మాంసకృత్తులను మొదటి పొట్టలో కరగనీయకుండా కిందికి పంపి పిల్లకు ఎక్కువ అందేలా చేస్తాయి. బరేలీ దగ్గర ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో జువ్వి ఆకు, జామ ఆకు ఎండబెట్టి పొడిచేసి దాణాలో కలిపి, హీమాంకస్ సోకిన గొర్రె పిల్లలకు మేపి చూశారు. మొత్తం మేతలో టానిన్లు 1.5 శాతం దాకా ఉండేలా పెట్టినప్పుడు గుడ్లు తగ్గాయి, పిల్లలు బరువు పెరిగాయి. టానిన్లు 5 శాతం దాటితే మాత్రం మేత తినడం తగ్గిస్తాయి, అరుగుదల దెబ్బతింటుంది.

రైతు దగ్గర టానిన్ కొలిచే సాధనం ఉండదు కాబట్టి, సాయంత్రం దొడ్డికి వచ్చాక జువ్వి, జామ, తుమ్మ కొమ్మలు మార్చి మార్చి కట్టండి. మొత్తం మేతలో పావు వంతు దాటనివ్వకండి. కొమ్మను పిల్ల మూతి ఎత్తుకు వేలాడదీయడం ముఖ్యం. నేల మీద పడేస్తే పెంటికలతో కలిసి, మందు అనుకున్న ఆకే నట్టలను తెచ్చిపెడుతుంది. సుబాబుల్ వేసేవాళ్లు దాన్ని మూడో వంతు లోపే ఉంచాలి. అందులోని మైమోసిన్ అనే పదార్థం ఎక్కువైతే బొచ్చు ఊడిపోతుంది.

ప్రశ్న: మందు తాగించిన మర్నాడే మూడు పిల్లలు దగ్గుతూ, ముక్కుల్లో నురగ వచ్చి చనిపోయాయి. మందు నకిలీదా? (పల్నాడు జిల్లా)

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. తల బాగా పైకెత్తి, నోరు తెరిచి, గడగడా పోస్తే జరిగేది ఇదే.

పిల్లను రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో దవడ కింద పట్టుకోండి. ముక్కు కంటి ఎత్తుకు మించి లేవకూడదు. నోటి మూలలో, పళ్లు లేని సందులోంచి డోసింగ్ గన్ గొట్టం లేదా సూది తీసిన సిరంజి దూర్చి నాలుక వెనక భాగం మీదికి పోనిచ్చి మెల్లగా వదలండి. మింగిందాకా ఆగి తర్వాతి చుక్క వేయండి. నాలుక పట్టి బయటికి లాగితే మింగలేదు. దగ్గితే వెంటనే తల దించి వదిలేయండి. నాలుక ముందు భాగంలో పోస్తే ఇంకో చిక్కుంది: పాలు తాగే పిల్లలో అది మొదటి పొట్టను దాటేసి నేరుగా నాలుగో పొట్టకు జారిపోతుంది. అప్పుడు ఆల్బెండజోల్ లాంటి మందులు ఒంట్లో నిలిచే సమయం తగ్గుతుంది.

చాలామంది బరువు దగ్గరే తప్పుతున్నారు. కంటితో చూసి చెప్పే బరువు చాలాసార్లు తక్కువే వస్తుంది. సంచిలో పిల్లను పెట్టి స్ప్రింగు కాటాకు తగిలిస్తే సరిపోతుంది. అన్నిటినీ తూచలేకపోతే ఒకే ఈడు పిల్లలను గుంపులు చేసి, ప్రతి గుంపులో అన్నిటికంటే బరువైన పిల్లను తూచి, ఆ మోతాదు గుంపంతటికీ ఇవ్వండి. లెవామిసోల్, క్లోసాంటెల్ అయితే ఈ పద్ధతి వద్దు, ఒక్కో పిల్లనూ తూచాల్సిందే.

సీసా మీది శాతాన్ని పదితో గుణిస్తే మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో వస్తుంది. 2.5 శాతం ఆల్బెండజోల్ అంటే మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు. కిలోకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున పది కిలోల పిల్లకు 75 మిల్లీగ్రాములు, అంటే 3 మిల్లీలీటర్లు. ఫెన్‌బెండజోల్ 150 మిల్లీగ్రాముల బిళ్ల కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 30 కిలోలకు సరిపోతుంది. దాన్ని ముక్కలు విరిచి పెట్టకండి. మెత్తగా నూరి 15 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, కలుపుతూనే పది కిలోల పిల్లలు మూడింటికి 5 మిల్లీలీటర్ల చొప్పున తాగించండి. ఇలాంటి తెల్ల మందులన్నీ అడుగున పేరుకుంటాయి. సీసా ఊపకపోతే మొదటి పిల్లలకు నీళ్లు, చివరి పిల్లలకు మందు అందుతుంది. ఆల్బెండజోల్‌ను చూలు కట్టిన మొదటి నెలలో తల్లులకు ఇవ్వకూడదు, పిండం వికలమవుతుంది.

ప్రశ్న: ఐవర్‌మెక్టిన్ సూదిమందు ఒక్కో పిల్లకు ఒక మిల్లీలీటరు వేస్తున్నారు. సరైనదేనా? (సిద్దిపేట జిల్లా)

జవాబు: కాదు. 1 శాతం మందు ఒక మిల్లీలీటరు 50 కిలోల బరువుకు సరిపోతుంది. పది కిలోల పిల్లకు 0.2 మిల్లీలీటర్లు చాలు, చర్మం కింద. మిల్లీలీటరు గీతలున్న సన్న సిరంజి వాడండి. ఇన్సులిన్ సిరంజిలో గీతలు యూనిట్లవి, 40 రకం, 100 రకం వేరువేరు, పొరబడతారు. ఇది బద్దె పురుగుల (రిబ్బనులా పొడవుగా ఉండే నట్టలు) మీదా, జలగల (కాలేయంలో, పొట్టలో ఉండే ఆకులాంటి నట్టలు) మీదా పనిచేయదు. సూదిగా వేసిన మందు ఒంట్లో చాలా రోజులు కొంచెం కొంచెంగా మిగిలి, పురుగులు దాన్ని తట్టుకోవడం నేర్చుకోవడానికి దారిస్తుంది. పేడలోకి వచ్చిన మందు పేడపురుగులనూ చంపుతుంది. పెంటికలను మట్టిలో కలిపి నట్టల గుడ్లను తగ్గించేది అవే కదా. పండగకు అమ్మే పొట్టేళ్లకు ఇది వేయకండి. మాంసంలో నెలకు పైగా ఉంటుంది. లేబుల్ మీద రాసిన గడువు దాటాకే అమ్మాలి.

ప్రశ్న: పెంటికల మీద ఉడికిన బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయి. వక్కపొడి పెట్టమంటున్నారు. (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అవి మొనీజియా అనే బద్దె పురుగు ముక్కలు. చూడటానికి భయంగా ఉంటుంది గానీ, పేడలో పైకి కనిపించని హీమాంకస్‌తో పోలిస్తే ఇది చేసే హాని తక్కువ. బాగా ఎక్కువైతే పిల్ల పొట్ట ఉబ్బి ఎదుగుదల తగ్గుతుంది. ప్రాజిక్వాంటెల్ కిలోకు 5 మిల్లీగ్రాములు, లేదా ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ కిలోకు 10 మిల్లీగ్రాములు ఇస్తే పోతుంది. వక్కలోని అరికోలిన్ బద్దె పురుగును నిజంగానే స్తంభింపజేస్తుంది, అదే మోతాదు కొంచెం దాటితే పిల్లకు చొంగ, ఆయాసం, కడుపునొప్పి తెస్తుంది. చవకగా, భద్రంగా మందు దొరుకుతున్నప్పుడు వక్క అవసరం లేదు. గడ్డి వేళ్ల దగ్గరుండే సన్నటి నల్లులు దీన్ని మోస్తాయి. అవి మంచు తడి ఉన్న తెల్లవారుజామున, సంజెవేళ గడ్డి పైకొస్తాయి. ఎండ వచ్చి మంచు ఆరాక పిల్లలను వదలండి.

ప్రశ్న: నెల పిల్లలు నెత్తురు పారుకుంటున్నాయి. నట్టల మందు రెండుసార్లు వేసినా తగ్గలేదు. (మెదక్ జిల్లా)

జవాబు: నట్టల మందు వేయకండి. ఆ వయసులో నెత్తురు పారుడంటే ముందు కాక్సిడియాను అనుమానించాలి. అది పురుగు కాదు, పేగు గోడలో పెరిగే ఏకకణ జీవి. ఆంప్రోలియం కిలోకు 50 మిల్లీగ్రాములు, ఐదు రోజులు వరసగా ఇవ్వాలి. 20 శాతం పొడి అయితే ఆరు కిలోల పిల్లకు రోజుకు 1.5 గ్రాములు. ఐదు రోజులు దాటి పొడిగిస్తే బి1 విటమిన్ లోపించి పిల్ల తల వెనక్కి విరిచి గుడ్డిదానిలా తిరుగుతుంది. దొడ్డి నేల పొడిగా ఉంచి, తొట్లను పిల్లలు ఎక్కి పేడ వేయలేని ఎత్తులో పెట్టండి. పారుడుతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, ముక్కు కారడం ఉంటే అది పి.పి.ఆర్. అనే అంటురోగం కావచ్చు, ఆ రోజే పశువైద్యశాలకు చెప్పండి.

ప్రశ్న: మైలుతుత్తం నీళ్లు, పొగాకు కషాయం పూర్వం వాడేవారట. ఇప్పుడు వాడొచ్చా? (ప్రకాశం జిల్లా)

జవాబు: వద్దు. మంచి మందులు రాకముందు ప్రపంచమంతా వాడినవే అవి. గొర్రెకు రాగి మిగతా పశువులకంటే త్వరగా విషమవుతుంది. అది కాలేయంలో పేరుకుని, ఒకనాడు మూత్రం ఎర్రబడి చంపేస్తుంది. పొగాకులోని నికోటిన్ పిల్లను నిమిషాల్లో చంపగలదు.

ప్రశ్న: పేడ పరీక్షకు ఎంత తీసుకెళ్లాలి? చెరువు శిఖంలో మేపుతాం, ఎప్పుడెప్పుడు మందివ్వాలి? (సూర్యాపేట జిల్లా)

జవాబు: పది పిల్లల నుంచి నేరుగా ఆసనం దగ్గరే, ఒక్కో దాని నుంచి ఐదు గ్రాములు, అంటే పది పదిహేను పెంటికలు, వేరువేరు ప్లాస్టిక్ సంచుల్లో తీసుకోండి. గాలి పోయేలా నొక్కి కట్టి, పిల్ల గుర్తు రాసి, అదే రోజు చేర్చండి. ఎండలో ఉంచితే గుడ్లు పొదిగిపోయి లెక్క తగ్గుతుంది. మందు పనిచేసిందో లేదో తేల్చడానికి అవే పిల్లల పేడను 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఇవ్వండి. ముందు సగటున గ్రాముకు 1,200 గుడ్లుండి తర్వాత 300 వస్తే 75 శాతమే తగ్గినట్టు. 95 శాతం తగ్గకపోతే ఆ మందు కుటుంబాన్ని మీ మందకు వాడటం ఆపాలి.

శిఖంలో మేపేవాళ్లకు నత్తల వల్ల జలగల బెడద కూడా ఉంటుంది. చెరువు నీరు తగ్గి ఒడ్డున గడ్డి మొలిచినప్పుడు పిల్లలు దుర్వాసనతో నీళ్లలా పారుకుంటే అవి పొట్ట జలగల పిల్ల పురుగులు కావచ్చు. ఆ దశలో పేడలో గుడ్లు కనిపించవు, అందుకని పరీక్షలో ఏమీ లేదన్నా నమ్మి ఊరుకోకండి. ఆక్సీక్లోజనైడ్ కిలోకు 15 మిల్లీగ్రాములు ఇచ్చి, తీవ్రంగా ఉంటే పశువైద్యుని సలహాతో మూడో రోజు మరోసారి ఇవ్వాలి.

తొలకరికి ముందు ఒకసారి, వానలు మొదలైన నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పిల్లలకు ఇవ్వండి. మధ్యలో కనురెప్ప చూసి అవసరమైనవాటికే ఇవ్వాలి. చిటుకు రోగం టీకా వేసేముందు పది రోజుల తేడాతో నట్టల మందు పడితే టీకా బాగా పడుతుంది. కళ్లు ఎర్రగా ఉన్న పెద్ద గొర్రెల్లో కొన్నిటిని మందు వేయకుండా వదిలేయండి. వాటి పేడలో వచ్చే, మందుకు లొంగే పురుగులు పచ్చికలో కలిసి ఉంటేనే మందును తట్టుకునే పురుగులదే పైచేయి కాకుండా ఉంటుంది. మందు తాగించిన రోజే మందను కొత్త పచ్చికకు మార్చడం కూడా ఇందుకే మంచిది కాదు. మూడు నాలుగు రోజులు పాత చోటే మేపి, తర్వాత మార్చండి.